మట్టి మరమ్మతుకు అప్పు ఎవరిస్తారు?

జీఎస్-3కి బ్యాంకింగ్ సంస్కరణలు ఒక నోట్సు, సుస్థిర వ్యవసాయం ఇంకో నోట్సు. మనలో చాలామంది ఇలాగే రాసుకుంటాం. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1991 నరసింహం కమిటీ ఒకవైపు. పచ్చిరొట్ట, పంట మార్పిడి మరోవైపు. కానీ రైతు ఇంట్లో ఈ రెండూ ఒకే నెలలో ఎదురుపడతాయి. మే నెలలో.

తొలకరికి ముందు చేను ఖాళీగా ఉంటుంది. అప్పుడు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి, పూతకొచ్చే వేళకు, అంటే సుమారు 45 రోజులకు, కలియదున్నుతారు. ఈలోగా అవి నేలను ఎండకు, వాన కోతకు వదలకుండా కప్పి ఉంచుతాయి. గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో నిలుపుతాయి. జీలుగైతే చౌడు నేలలకూ పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఇంకో అడుగు ముందుకేసి, వానలు రాకముందే పొడి దుక్కిలో రకరకాల విత్తనాలు కలిపి చల్లిస్తోంది. ఊళ్లలో నవధాన్యాలు అంటున్నది వీటినే. 2024 గుల్బెంకియన్ బహుమతి పంచుకున్నవాటిలో ఈ కార్యక్రమం ఒకటి. ఉదాహరణగా రాసుకోండి, కానీ అక్కడితో ఆగకండి.

ఇప్పుడు బ్యాంకు వైపు చూద్దాం. బ్యాంకులు తమ రుణాల్లో 40 శాతం ప్రాధాన్యతా రంగాలకు, అందులో భాగంగా 18 శాతం వ్యవసాయానికి ఇవ్వాలి. ఆ 40ని 10కి తగ్గించమని నరసింహం కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు, మంచిదే అయిందంటాను. అయితే ఈ లక్ష్యం ఎంత ఇచ్చారో లెక్కపెడుతుంది గానీ నేలకు ఏమైందో అడగదు. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి ఎలా కడతారో చూడండి. ఒక్కో పంటకు ఎకరాకు ఎంత అప్పు ఇవ్వాలో జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ నిర్ణయిస్తుంది. దాన్ని విస్తీర్ణంతో హెచ్చించి, కోత తర్వాతి ఖర్చులకూ ఇంటి అవసరాలకూ 10 శాతం, వ్యవసాయ ఆస్తుల మరమ్మతు, నిర్వహణకు 20 శాతం కలుపుతారు.

ఆ 20 శాతం దగ్గరే నా వాదన. మోటారు ఆస్తి, ట్రాక్టరు ఆస్తి. మరి మట్టి?

నేను ఉండేది సూరత్‌లోని డిండోలిలో. తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలవాళ్లు ఇక్కడ సాంచాల మీద మీటరు లెక్కన పనిచేస్తారు. సాంచె ఆపి బాగుచేసిన పూట మీటర్లు పడవు, కూలీ పడదు. అందుకే చప్పుడు తేడాగా వస్తున్నా నడిపిస్తూనే ఉంటారు. పచ్చిరొట్టదీ అదే పరిస్థితి. విత్తనానికి రాయితీ ఉంది, నిజమే. కానీ దున్నాలి, తడి పెట్టాలి, మళ్లీ కలియదున్నాలి. డీజిల్ డబ్బులు మేలోనే కావాలి, ఫలితమేమో తర్వాతి పంటల్లో మెల్లగా కనిపిస్తుంది. అదే 45 కిలోల యూరియా బస్తా 266.50 రూపాయలకు దొరుకుతుంది. 3 లక్షల వరకు పంట రుణం గడువులోగా కడితే వడ్డీ 4 శాతమే. ఎరువుకూ సాయమే, ఎరువు కొనే అప్పుకూ సాయమే. ఇక రైతు ఎటు మొగ్గుతాడో చెప్పాలా?

అమ్ముకోని పంటకు అప్పిస్తే తిరిగి ఎలా వస్తుందని బ్యాంకు మేనేజరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మోటారు రిపేరుకూ విడిగా ఆదాయం రాదు కదా. తర్వాత వేసే వరి, పత్తి రుణంలోనే దీన్ని తొలి విడతగా మేలో ఇవ్వవచ్చు. 2024 నవంబరులో కేంద్రం 2,481 కోట్లతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. మిషన్లకు గడువుంటుంది, పంట రుణం మాత్రం ఏటా తీసుకునేదే. కొత్త పథకం పేరు వెతకడం కంటే ఆ 20 శాతంలో మట్టిని పేరు పెట్టి చేర్చడం తేలిక.

ఇదంతా సొంత చేను ఉన్నవాళ్ల సంగతి. కౌలు రైతు దగ్గరకొచ్చేసరికి ఈ వాదన తడబడుతుంది, దాన్ని దాచి రాయకండి. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రం 11 నెలలకే, దానికీ యజమాని సంతకం కావాలి. వచ్చే ఏడు ఈ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి దాని మట్టి మీద ఎందుకు ఖర్చు పెడతాడు? రాసిస్తే భూమి పోతుందేమోనని యజమాని భయం. ఆ భయం తీర్చడానికే 2016లో నీతి ఆయోగ్ కోసం టి. హక్ కమిటీ నమూనా భూ కౌలు చట్టం రాసింది. భూమి రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి దాన్ని అమలు చేయాల్సింది రాష్ట్రాలే. మెయిన్స్‌లో ఈ ప్రశ్న వస్తే నేనైతే సగం జవాబు కౌలు గడువు మీదే రాస్తాను.