ఇంటిపేరు గడి

యూనివర్సిటీలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజుల్లో జరిపే తంతును ఓరియెంటేషన్ అంటారు. మా రోజుల్లో అది మూడు రోజుల క్యాంపు. ఇప్పుడు దాని పేరు దీక్షారంభ్. 2019లో యూజీసీ యూనివర్సిటీల కోసం తెచ్చిన మార్గదర్శకాలకు పెట్టిన పేరది. కొత్త పిల్లలు కుదురుకోవాలి, తోటివాళ్లతో కలిసిపోవాలి అన్నది దాని ఉద్దేశం. మంచిమాటే. ఎవరు వచ్చి ఎవరిలో కలవాలి, ఆ దూరమంతా ఎవరొక్కరే నడవాలి అన్నదగ్గరే మా పేచీ.

క్యాంపులో అడుగుపెట్టగానే చేతికొక ఫారం ఇస్తారు. అందులో మొదటి గడి ఇంటిపేరు. మాలో చాలామందికి మీకున్నట్టు ఇంటిపేర్లుండవు. షేకో, సయ్యదో, మహమ్మదో తెచ్చి ఆ గడిలో కుక్కుతాం. హాజరు పిలిచేటప్పుడు అది ఎస్కే అవుతుంది, ఎండీ అవుతుంది. "ఎండీ అంటే మేనేజింగ్ డైరెక్టరా బాబూ?" అని మైకులో అడుగుతారు. హాలంతా నవ్వుతుంది. మేమూ నవ్వుతాం. నవ్వకపోతే మొదటిరోజే మాకు కోపమెక్కువని ముద్ర పడుతుంది. ముగ్గురమ్మాయిల పేర్ల చివర బేగం కనిపిస్తే "మీరు అక్కచెల్లెళ్లా?" అంటారు. ఒకరిది కరీంనగర్, ఒకరిది కావలి, ఒకరిది కర్నూలు. పేరు చివర కుమారి ఉన్న ముగ్గురిని ఎవరైనా ఇట్లా అడిగారా?

తర్వాత పరిచయాలు. లేచి నాలుగు ముక్కలు తెలుగులో మాట్లాడితే చప్పట్లు. "అరె, నీ తెలుగు ఎంత బాగుంది!" నల్గొండలో పుట్టి పెరిగినవాడి తెలుగు బాగుండక మరెవరి తెలుగు బాగుంటుంది? ఆ మెచ్చుకోలు వెనక ఉన్నది మేం ఎక్కడినుంచో వచ్చినవాళ్లమన్న నమ్మకమే. పోనీ ఉర్దూవాళ్లయినా మమ్మల్ని తమవాళ్లనుకుంటారా అంటే, అదీ లేదు. మా అమ్మీల నోటి నక్కోలూ, హౌలూ వాళ్లకు ఎగతాళి. దూదేకుల ఇంటినుంచి వచ్చిన పిల్ల నాకు తెలుగు తప్ప ఏదీ రాదంటే, మా సయ్యద్ సాహెబుల పిల్లలే "ఫిర్ తుమ్ కైసే ముసల్మాన్?" అని మొహమ్మీదే అంటారు. అటు తురక, ఇటు సగం తురక. ఆ పిల్ల ఏ గుంపులో నిలబడాలో ఏ ఓరియెంటేషనూ చెప్పదు.

మూడోరోజు సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమం. భిన్నత్వంలో ఏకత్వం నాటిక ఉండి తీరుతుంది. ముస్లిం వేషం మావాడికే. జాలీ టోపీ, గళ్ల లుంగీ, వస్తూనే ఆదాబ్ కొట్టాలి. మా బస్తీల్లో మెకానిక్కులున్నారు, టీచర్లున్నారు, ఆర్టీసీ డ్రైవర్లున్నారు, బీడీలు చుట్టే తల్లులున్నారు. వాళ్లెవరూ నాటికలో ఉండరు. చివర్లో జెండా పట్టుకుని మధ్యలో నిలబడే వేషమొకటి ఉంటుంది చూడండి, అది మాత్రం మాకెప్పుడూ రాలేదు.

అసలు గొడవ జ్యోతి ప్రజ్వలన దగ్గర. దీపం, సరస్వతి పటం, ప్రార్థన, కొబ్బరికాయ. అందరూ లేచి చేతులు జోడించాలి. ఎవరైనా చేతులు కట్టుకుని ఊరికే నిలబడితే చూపులన్నీ అటే. "ఇది మతం కాదయ్యా, సంస్కృతి" అంటారు. సరే, అట్లాగే అనుకుందాం. శుక్రవారం మధ్యాహ్నం వక్తృత్వ కళమీద ఉపన్యాసం పెట్టారు, జుమా నమాజుకు ఒక గంట వదలండి సార్ అంటే, "యూనివర్సిటీలో మతం తేవద్దు" అంటారు. మీది సంస్కృతి, మాది మతం. ఈ లెక్క కట్టింది ఎవరు? రాజ్యాంగం 28వ అధికరణం మాత్రం ఇట్లా లెక్క కట్టలేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలో ఏ విద్యార్థినీ అతని అనుమతి లేకుండా మత ప్రార్థనకు హాజరు కమ్మనే హక్కు ఎవరికీ లేదంది. కేరళలో ముగ్గురు క్రైస్తవ పిల్లలు జాతీయగీతం పాడకుండా మర్యాదగా లేచి నిలబడితే బళ్లోంచి పంపేశారు. వాళ్లను తిరిగి చేర్చుకోమని సుప్రీంకోర్టు 1986లో తీర్పిచ్చింది. జాతీయగీతానికే ఆ వెసులుబాటు ఉన్నప్పుడు సరస్వతీ ప్రార్థనకు లేదా?

ఈ మాట అనగానే మా మొహాన నిజాంను విసురుతారు. ఉస్మానియా చరిత్ర మాకు తెలియంది కాదు. 1918లో మొదలైన ఆ యూనివర్సిటీ ఉర్దూలో చదువు చెప్పింది. దేశభాషలో ఉన్నత చదువు సాధ్యమేనని చూపించింది. దానికోసం సైన్సు, చరిత్ర, తత్త్వం పుస్తకాలను తర్జుమా చేయించింది. ఆ పని గొప్పదే. కానీ ఆ సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్ల పన్నులతో కట్టిన బడిలో వాళ్ల భాషకు చదువు చెప్పే చోటు లేకపోయింది. 1938లో హాస్టల్లో వందేమాతరం పాడిన విద్యార్థులను వెళ్లగొట్టారు. నాగపూర్ యూనివర్సిటీ వాళ్లను చేర్చుకుంది. వాళ్లను వెళ్లగొట్టడం అన్యాయం. ఈ మాట మేం గొంతు తగ్గించకుండా అంటాం. నిజాం మాకేమీ తాత కాడు. మా తాతలు ఆయన జాగీర్లలో కూలి చేసినవాళ్లు, బండ్లు తోలినవాళ్లు.

మరి ఆ 1938 పిల్లలను వీరులని మెచ్చుకునే మీరు, వాళ్లు ఏ హక్కుకోసం నిలబడ్డారో ఎందుకు మర్చిపోతారు? విద్యార్థి పెదవులమీద యూనివర్సిటీకి అధికారం లేదనే కదా వాళ్ల పోరాటం! పాడతానన్న నోటిని మూయడం తప్పయితే, పాడనన్న నోటిని తెరిపించడం ఒప్పెట్లా అవుతుంది?

ఇక మా లౌకిక మిత్రులు. క్యాంపు బయట కరపత్రాలు పట్టుకుని మాకోసం నిలబడేది వాళ్లే, కాదనం. కాని వాళ్ల దగ్గరా ఒక ఓరియెంటేషన్ ఉంది. రెండు టీల తర్వాత భుజంమీద చెయ్యేసి "నువ్వు మిగతా ముస్లింలలా కాదు" అంటారు. ఆ మిగతా ముస్లింలు మా అన్నలు, మా ఫూఫీలు. రంజాన్ నెలలో రోజా ఉంటే వెనకబాటుతనం. అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టల్లో తరగతికి వచ్చిన తోటి కామ్రేడుతో వాదన పెట్టుకోరు, అతనికి ఓపికపడతారు. ఆ ఓపికలో సగం మాకూ పంచమనే అడుగుతున్నాం. 2022లో కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న అమ్మాయిల ముఖాన కాలేజీ గేట్లు మూసినప్పుడు, ముందు గేటు తెరవండి, వాదన లోపల చేసుకుందాం అన్నవాళ్లు మీలో ఎంతమంది?

మా ఇళ్ల సంగతీ చెప్పాలి. క్యాంపులో రాత్రి ఉండాలంటే కొడుకును పంపిన అబ్బా బిడ్డను పంపడు. "ఇంతదాకా చదివింది చాలదా" అంటాడు. జమాతు పెద్దలు బిడ్డ బుర్ఖా గురించి ఎంతసేపైనా మాట్లాడతారు, బిడ్డ బస్సు పాసు గురించి ఒక్క మాటా మాట్లాడరు. గేటు బయట మూసేవాళ్లు ఒకవైపు, ఇంట్లోనే గొళ్లెం పెట్టేవాళ్లు ఇంకోవైపు. మేం ఇద్దరితోనూ కొట్లాడుతున్నాం.

2006లో సచార్ కమిటీ చెప్పింది: పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒక్కరే ముస్లిం, పీజీలో 50 మందికి ఒక్కరు. ఆ ఒక్కరే మీ హాలులో చివరి వరసలో కూర్చున్నది. ఉర్దూ మీడియం నుంచి వచ్చి ఉంటే, ఇంగ్లీషులో సాగే వ్యక్తిత్వ వికాసం ఉపన్యాసంలో సగం అర్థం కాదు. బీసీ-ఇ సర్టిఫికెట్ ఎవరికి చూపాలో తెలియదు. 2007లో వచ్చిన ఆ 4 శాతం రిజర్వేషన్ మామూలు పేద ముస్లింల వాకిలి తెరిచింది, వాకిలి దాటాక దారి చూపేవాళ్లే లేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకపోతే ఎవర్నడగాలి? ర్యాగింగ్ చేస్తే ఎవరికి చెప్పాలి? ఈ కబుర్లు చెప్పడానికి క్యాంపులో అరగంట దొరకదు. మానవ విలువలకు మాత్రం పూటలు పూటలు.

ఒక మాట గుర్తు చేస్తాం. యూజీసీని 1953లో ప్రారంభించింది మౌలానా ఆజాద్, ఈ దేశపు మొదటి విద్యామంత్రి, మక్కాలో పుట్టినవాడు. ఆయన పేరుమీద మైనారిటీ పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్పును కేంద్రం 2022లో ఎత్తేసింది. దీక్షారంభ్ మొదటిరోజు ఉపన్యాసంలో ఈ రెండు ముక్కలూ చెప్పగల ప్రొఫెసర్ ఎవరైనా ఉంటే మేం ముందు వరసలో వచ్చి కూర్చుంటాం.

ఈలోగా కొన్ని పనులున్నాయి, ఖర్చులేనివి. ఫారంలో ఇంటిపేరు గడి కొట్టేసి, నిన్ను ఏమని పిలవాలి అని అడగండి. ప్రార్థన పెట్టుకుంటే పెట్టుకోండి, ఇష్టంలేనివాళ్లు తర్వాత రావొచ్చని ముందే ప్రకటించండి. శుక్రవారం ఒంటిగంటనుంచి రెండున్నరదాకా ఖాళీ ఉంచండి, హాయిగా అందరూ భోంచేస్తారు. స్కాలర్‌షిప్పు గుమాస్తాను స్టేజీ మీదికి తెచ్చి, ఏ కాగితం ఏ కిటికీలో ఇవ్వాలో తెలుగులో, ఉర్దూలో చెప్పించండి. నాటిక వేస్తే, జెండా ఈసారి ఆ దూదేకుల పిల్ల చేతికివ్వండి.