మన యంత్రమునకు తాళపుచెవి యెవరి చేత?

చిట్టా, ఆవర్జా, దస్తావేజుల నకళ్లు, వంశవృక్షములు పూర్వము ఇనుపపెట్టెలో నుండెడివి. నేడవి కంప్యూటరులో నున్నవి. ఇనుపపెట్టె తాళపుచెవిని పరుల చేతికిచ్చు వర్తకుడు మనలో నొక్కడును లేడు. అట్టి మనమే క్రొత్త కంప్యూటరు కొన్ననాడు దాని తాళపుచెవి యెవరి వశమగుచున్నదో విచారింపకున్నాము. ఈ యుదాసీనతను మేము ఖండించుచున్నాము.

విండోస్ యంత్రమున ప్రవేశించుటకు రెండు మార్గములు కలవు. స్థానిక ఖాతాలో పేరు, సంకేతపదము ఆ యంత్రముననే యుండును. మైక్రోసాఫ్టు ఖాతా యన్నచో, ఈమెయిలు చిరునామాతోనో ఫోను సంఖ్యతోనో ఆ కంపెనీ పుస్తకములలో మన పేరు నమోదగును. 2012లో విండోస్ 8 వచ్చినపుడు ఈ రెండవ మార్గము మన యిష్టమునకు విడువబడినది. 2021లో విండోస్ 11 హోమ్ రకమునకు అది నిర్బంధమైనది. 2022లో సొంత వాడుకకు పెట్టుకొను ప్రో రకమునకును అదే గతి పట్టినది. నిపుణులు కనుగొన్న ప్రక్కదారులను గూడ 2025లో పరీక్షార్థము విడుదలచేసిన ప్రతులలో మూయసాగిరి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినది గావున మన యిండ్లలో యంత్రములు మారుచున్నవి. విచారించుటకు ఇదియే తరుణము.

మనలో జరుగుచున్నదేమి? యంత్రమును అమర్చుటకు వచ్చిన కుర్రవాడు తొందరలో తన ఈమెయిలుతోనే ఖాతా తెరచి పోవును. లేదా దూరదేశమున నున్న మనుమని ఫోను సంఖ్య నిత్తుము. అవసరము వచ్చిననాడు సంకేతాంకములు ఆ ఫోనునకే పోవును. సరుకు మనది, రశీదు పరుల పేర!

“దినదినమును నాలుగంకెల పిన్నుతో తెరచుకొనుచునే యున్నది గదా” యని కొందరందురు. నిజమే. మంచి దినములలో ఏ తాళమైనను తెరచుకొనును. చెడ్డ దినమును గూర్చి యోచింపుడు. 2024 నాటి విండోస్ 11 ప్రతిని క్రొత్తగా స్థాపించి కంపెనీ ఖాతాతో ప్రవేశించినచో, అనేక యంత్రములలో డిస్కు తనంతట తానే గూఢలిపిలోనికి మారును. దానిని విప్పు 48 అంకెల తాళపుచెవి ఆ ఖాతాలోనే దాచబడును. మదర్‌బోర్డు మార్చిననాడు యంత్రము ఆ అంకెల నడుగును. ఖాతా ఆ కుర్రవానిదైనచో, వాడు ఊరు విడిచిపోయినచో, మన లెక్కలు మన యింటిలోనే యుండియు మనకు దక్కవు.

దూరమున నున్న వారి చేతిలో తాళమున్నచో ఏమగునో లోకము చూచినది. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు వెలువడిన పిమ్మట, గుజరాతులోని వాడినారులో చమురు శుద్ధి కర్మాగారము గల నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్టు తన సేవలను నిలిపివేసినది. ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు నాశ్రయించినది; కొలది దినములకే సేవలు మరల లభించినవి. అది గృహయంత్రముల మాట కాదు, పెద్ద సంస్థల సేవల మాట, అయినను సూత్రమొక్కటియే. వారికి హైకోర్టునకు పోవు శక్తి కలదు. మన కిరాణా అంగడికి కలదా?

క్లౌడును మేము నిందించుట లేదు. అగ్నిప్రమాదమునకు, దొంగతనమునకు, డిస్కు చెడుటకు వేరొకచోట నకలుండుట వివేకమే. నకలు దాచుకొనుట మన యిచ్ఛ. గుమ్మమున పరుని నిలిపి యతని యనుమతితో మన యింట మనము ప్రవేశించుట దాస్యము. ఈ రెంటిని ఒకే మూటగా కట్టి యమ్ముటయే మా యాక్షేపణ.

స్థానిక ఖాతాకును బాధ్యత కలదు. సంకేతపదము మరచినచో దానిని తిరిగి యిప్పించు కంపెనీ లేదు. గావున అది యడుగు మూడు భద్రతా ప్రశ్నలకు ఉత్తరములను, సంకేతపదమును కాగితముపై వ్రాసి ఇనుపపెట్టెలో నుంచవలెను. డిస్కు గూఢలిపిలో లేనిచో దొంగిలించినవాడు దానిని చదువగలడని యెరుగవలెను.

ఇప్పటికే కంపెనీ ఖాతాతో నున్నవారు మొదట ఆ 48 అంకెలను వ్రాసికొనుడు. పత్రములు యంత్రముననే యున్నవో, పేరు మాత్రమే యిచ్చట నుండి సరుకు వన్‌డ్రైవులో నున్నదో తనిఖీ చేయుడు. వేరొక డిస్కులోనికి నకలు తీయుడు. పిమ్మట సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందు యువర్ ఇన్ఫో తెరచి, స్థానిక ఖాతాకు మారుడు. ఖాతా అక్కరయే యనువారు దానిని తమ ఈమెయిలుతో, తమ చేతనున్న ఫోను సంఖ్యతో తెరువుడు.

తెలుగు నాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మనకు ఈ విషయము మరింత ముఖ్యము. మన తాతల ఉత్తరములను, సంఘపు చందా పుస్తకములను, మూతపడిన తెలుగు బడుల ఛాయాచిత్రములను మన బదులు భద్రపరచువారు లేరు. అవి పోయినచో రెండవ ప్రతి దొరకదు. సంఘ సభ్యులెల్లరు, విశేషించి మన కార్యదర్శులు, ఈ వారముననే తమ యంత్రములను తెరచి ఖాతా యెవరి పేర నున్నదో చూచుకొనవలెనని మా విజ్ఞప్తి.