తన వారిపై తానే విచారణ

అమెరికాలో సి.బి.ఎస్. టెలివిజన్ సంస్థ 2003 సెప్టెంబరు 23న ప్రారంభించిన ‘ఎన్.సి.ఐ.ఎస్.’ ధారావాహిక రెండు దశాబ్దాలకు పైగా ప్రేక్షకాదరణ పొందింది. నౌకాదళం, మెరైన్ దళాలకు సంబంధించిన నేరాలను పరిశోధించే నిజమైన ప్రభుత్వ సంస్థ పేరునే అది ధరించింది. కనుక దానిని కేవలం కాలక్షేపంగా ఎంచి ఉపేక్షించడం తగదు. ఒక ప్రభుత్వ సంస్థపై లోకాభిప్రాయాన్ని తీర్చిదిద్దే కల్పన చరిత్రకు సమాధానం చెప్పుకోవలసిందే.

ధారావాహికలో సాధారణంగా గంట ముగిసేలోగా హంతకుడు దొరుకుతాడు. చరిత్ర ఇంత సుఖాంతం కాదు. 1989 ఏప్రిల్ 19న ‘అయోవా’ యుద్ధనౌక ఫిరంగి గదిలో సంభవించిన విస్ఫోటనంలో 47 మంది నావికులు మరణించారు. ఈ సంస్థకు పూర్వరూపమైన నౌకాదళ పరిశోధన విభాగం కూడా దర్యాప్తు జరిపింది. మృతులలోనే ఒక నావికుడు బుద్ధిపూర్వకంగా ఆ పని చేసి ఉంటాడని నౌకాదళం ప్రకటించింది. మందుగుండు సంచులను వేగంగా కూరినా పేలుడు సంభవించవచ్చునని శాండియా జాతీయ ప్రయోగశాల పరీక్షలు తెలిపాయి. 1991 అక్టోబరులో నౌకాదళాధిపతి ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పారు.

అదే ఏడాది లాస్ వేగాస్‌లో ‘టెయిల్‌హుక్’ వైమానికుల సమావేశంలో మహిళలపై లైంగిక దాడులు జరిగాయి. నౌకాదళ దర్యాప్తుపై విశ్వాసం సన్నగిల్లడంతో రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ విచారణ చేపట్టవలసి వచ్చింది. ఆ అప్రతిష్ఠ నేపథ్యంలోనే 1992లో సంస్థ పౌర అధికారి నాయకత్వంలో నేటి పేరు స్వీకరించింది.

పౌర నాయకత్వం రావడంతో పాత దోషాలు తొలగిపోయాయని సమర్థకులు వాదించవచ్చు. ఆ సంస్కరణ విలువైనదే. అయినా 2005 నవంబరు 19న ఇరాక్‌లోని హదీథాలో మెరైన్ల చేతిలో 24 మంది పౌరులు హతులైనప్పుడు, 15 మంది పౌరులు బాంబు పేలుడులో మరణించారనే ప్రకటన మొదట వెలువడింది. పత్రికా విలేఖరులు ప్రశ్నించిన పిమ్మటనే, 2006లో, నేర పరిశోధకులు రంగంలోకి దిగారు. ఎనిమిది మందిపై అభియోగాలు మోపగా, 2012 నాటికి ఒక్కరు మాత్రమే కర్తవ్య నిర్లక్ష్యాన్ని అంగీకరించారు. ఆయనకు కారాగారవాసం పడలేదు. పరిశోధకులు ఎంత సమర్థులైనా, వారిని ఎప్పుడు పిలవాలో నిర్ణయించేది నిందితుల పైఅధికారులే అయినప్పుడు సాక్ష్యం చెదిరిపోక మానదు.

ధారావాహిక ఈ వైరుధ్యాన్ని మరుగుపరచడమే గాక దానికి మహిమ కూడా కల్పిస్తుంది. కథానాయకుడు గిబ్స్ తన భార్యాబిడ్డలను చంపినవానిని స్వయంగా కాల్చి చంపాడు. ఆ ఆధారం సహచరుల చేతికి చిక్కినా అతడు శిక్షకు గురికాడు, పదవిలోనే కొనసాగుతాడు. ప్రేక్షకుడు ఊరట చెందుతాడు. తన వాని నేరాన్ని తానే కప్పిపుచ్చుకునే సంస్థ ఇక్కడ కుటుంబ వాత్సల్యంగా దర్శనమిస్తుంది. హదీథా మృతుల బంధువులకు ఆ వాత్సల్యం ఏ రూపంలో కనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

సైన్యం గౌరవం దోషరాహిత్య ప్రచారంపై నిలవదు. తన వారిని సైతం నిష్పక్షపాతంగా విచారణకు అప్పగించగల ధైర్యంపై నిలుస్తుంది. ఆ ధైర్యానికి బదులు గంటలో తీర్పునిచ్చే తెరను చూసి తృప్తి చెందే పౌరసమాజం, ప్రశ్నించవలసిన వేళ మౌనం వహిస్తుంది.