"మీ సీటు మాకొస్తదంట గదా!"

మా ఆపా కొడుకు హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాడు. 2024 పార్లమెంటు ఎన్నికలప్పుడు, ప్రచారం ఎలా నడుస్తుందో కళ్లారా చూసి రిపోర్టు రాయండని కాలేజీవాళ్లు పిల్లల్ని సిద్దిపేటకు తీసుకెళ్లారు. ఏప్రిల్ 25న అక్కడ అమిత్ షా సభ. మెదక్ అభ్యర్థి రఘునందన్ రావు కోసం. బస్సు దిగేముందు సారు మావాడి దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడట: "నువ్వు బస్సులోనే కూర్చో నాయనా, ఎందుకొచ్చిన గొడవ."

సారు నియ్యత్ మంచిదే కావచ్చు. కానీ బస్సు నిండా పిల్లలుంటే ఆ సలహా ఒక్కడికే దక్కింది. మావాడు వినలేదు. దిగాడు, ఎండలో నిలబడ్డాడు, నోట్స్ రాసుకున్నాడు. ముస్లిం రిజర్వేషన్లు రద్దు చేసి ఎస్సీ, ఎస్టీ, బీసీలకు ఇస్తామని వేదిక మీద అమిత్ షా ప్రకటించడం చెవులారా విన్నాడు.

తిరుగు ప్రయాణంలో పక్క సీటు దోస్త్ నవ్వుతూ అన్నాడు: "అరే, మీ సీటు మాకొస్తదంట గదా!" ఆ పిల్లాడు బీసీ-డి. ఇద్దరూ ఒకే డబ్బాలో తినేవాళ్లు. అందులో దుష్మనీ ఏమీ లేదు. కానీ మావాడికి జవాబు దొరకలేదు. రాత్రి నాకు ఫోన్ చేశాడు. "మామూ, మనం నిజంగా వేరేవాళ్ల హక్ తింటున్నామా?"

ఆ సవాల్ విని నాకు రాత్రంతా నిద్ర లేదు. సియాసతీ లీడర్లు వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారు. మరి మనం? వీడికి కాలేజీలో సీటొచ్చింది బీసీ-ఈ సర్టిఫికెట్ మీద. దానికోసం వాళ్ల అబ్బా మీసేవకూ తహసీల్ ఆఫీసుకూ చెప్పులరిగేలా తిరిగాడు. కాగితం చేతికిచ్చాడు, "భద్రంగా దాచుకో బేటా" అన్నాడు. ఆ కాగితం ఎందుకొచ్చిందో మాత్రం చెప్పలేదు. ఆయనకూ ఎవరూ చెప్పలేదు.

అందుకే హిసాబ్ ఇక్కడ రాస్తున్నాను. పిల్లల్ని కూర్చోబెట్టి చదివి వినిపించండి.

బీసీ-ఈ మజహబ్ చూసి ఇచ్చింది కాదు. మజహబ్ చూసి ఇస్తే సయ్యద్‌కూ రావాలి, పఠాన్‌కూ, మొఘల్‌కూ రావాలి. 2007 చట్టం వాళ్లను పేరుపెట్టి మరీ పక్కన పెట్టింది. ఇచ్చింది ఫకీర్లకు, హజామ్‌లకు, ధోబీలకు, ఖురేషీలకు, అత్తరు సాయిబులకు, షేక్‌లకు. అంటే చేతిపనుల మీద బతికి, చదువులో వెనకబడ్డ బిరాదరీలకు. మన దూదేకులవాళ్లు అంతకు ముందునుంచే బీసీ-బీలో ఉన్నారు.

రెండో మాట. అప్పటికి బీసీ ఏ, బీ, సీ, డీలకు కలిపి ఉన్నది 25 శాతం. ఎస్సీలకు 15, ఎస్టీలకు 6. మొత్తం 46. ముందు 5 శాతం ఇస్తే 51 అయింది. 50 దాటిందన్నది కోర్టు చెప్పిన అభ్యంతరాల్లో ఒకటి. అందుకే తర్వాత 4 దగ్గర ఆపారు. 2010లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగనిచ్చింది. ఆ 4 వచ్చింది ఓపెన్ కోటాలోంచి. బీసీ-డి పిల్లాడి వాటాలోంచి ఒక్క సీటూ తీయలేదు. బస్సులో ఆ దోస్త్‌కు చెప్పాల్సిన జవాబు ఇదే. కోపం అక్కర్లేదు, లెక్క చాలు.

ఇక మన హందర్దులమని చెప్పుకునేవాళ్ల సంగతి. కేసీఆర్‌ను వరసగా అసెంబ్లీకి పంపిన ఊరు సిద్దిపేట. ఆయన పార్టీ 2014లో 12 శాతం వాదా చేసింది. 2017 ఏప్రిల్‌లో అసెంబ్లీలో బిల్లు పాసయింది, ఢిల్లీకి పోయింది, అక్కడే ఆగిపోయింది. మనం మిఠాయిలు పంచుకున్నాం. 4 శాతం మేమే ఇచ్చామని కాంగ్రెస్ ప్రతి ఎన్నికకూ గుర్తుచేస్తుంది. ఒకరు తీసేస్తామంటారు, ఇంకొకరు పెంచుతామంటారు, మరొకరు మేమే ఇచ్చామంటారు. మన గురించి అందరూ మాట్లాడతారు, మనతో ఎవరూ మాట్లాడరు. మాట్లాడమని మనమూ అడగం. ఇఫ్తార్ దావత్‌లో ఫొటో దిగి ఖుష్ అయిపోతాం.

మావాడు ఇదంతా కనుక్కుని రిపోర్టులో ఒక పేజీ రాశాడు. చివర్న, "నేను ఆ 4 శాతంలో చదువుతున్న విద్యార్థిని" అని రాశాడు. సారు ఆ పేజీ తీసేయమన్నాడు, తటస్థంగా ఉండాలన్నాడు. మా ఆపా కూడా అదే పాట: "తీసేయ్ రా, మార్కులు పోతాయ్. మనకెందుకు సియాసత్?"

ఆపా, నీకు చెబుతున్నాను, చదివే ప్రతి అమ్మీకీ చెబుతున్నాను. నీ కొడుకు కూర్చున్న కుర్చీ గురించి వేల మంది ముందు మైకులో మాట్లాడుతుంటే, ఆ కుర్చీలో ఉన్నవాడు ఖామోష్‌గా ఉండటం తటస్థం ఎలా అవుతుంది? మనం వదిలేసినంత మాత్రాన సియాసత్ మనల్ని వదలదు. "బస్సులోనే కూర్చో" అని సారు ఒక్కసారే అన్నాడు. మన ఇళ్లలో ఆ మాట పిల్లలు పుట్టినప్పటినుంచీ వింటున్నారు.

నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. క్లాసులో నా తెలుగుకు నవ్వినవాళ్లున్నారు. ఆ రోజు సిగ్గుపడి నోరు మూసుకుంటే ఇవాళ ఈ నాలుగు మాటలు మీకు రాసేవాణ్ని కాదు.

మావాడు పేజీ తీయలేదు. మార్కులు తగ్గాయి. తగ్గనీ. ఈ జుమా రోజు ఖానా అయ్యాక, అల్మారాలోంచి ఆ సర్టిఫికెట్ బయటికి తీసి పిల్లల ముందు పెట్టండి. అదేమిటో వాళ్లకు చెప్పండి.