గనిపేటల శిశువులు

మాంటిసోరి విద్య యనగానే నేడు రాజధానియందు విశాలమగు భవనమును, విలువైన పరికరములును, అధికమగు జీతమును స్ఫురించుచున్నవి. ఆ పద్ధతి పుట్టినచోటును మనము మఱచితిమి. 1907 జనవరి 6వ తేదీన డాక్టరు మేరియా మాంటిసోరి రోమునగరమున శాన్ లొరెంజో పేటలో తెఱచిన బాలగృహము కూలివారి బిడ్డలకొఱ కేర్పడినది. తలిదండ్రులు పనికిఁ బోయినపిమ్మట దిక్కులేక తిరుగు పసివాండ్రు గోడలు, మెట్లు పాడుచేయుచున్నారని యిండ్ల యజమానులు తలపెట్టిన యేర్పాటది.

అట్టి పరిస్థితియే నేడు కోలారు బంగారుగనుల ప్రాంతమున నున్నది. 2001 ఫిబ్రవరి 28వ తేదీతో గనులు మూతపడెను. నాటినుండి పెక్కు కుటుంబములవారు వేకువనే మారికుప్పము మొదలగు స్టేషనులలో రైలెక్కి బెంగుళూరు వచ్చి, ప్రొద్దుగ్రుంకిన పిదప నిల్లు చేరుచున్నారు. తల్లియుఁ బనికిఁ బోవు నింట, రెండుమూడేండ్ల బిడ్డ కన్ను దెఱచుసరికి నామె కానరాదు.

ఇంట నవ్వ యున్నదికదా యని కొంద ఱందురు. అవ్వ ప్రేమకు సాటి లేదు. కాని బిడ్డ వెంటఁ బరుగిడలేని వృద్ధురాలికి వానిని కదలకుండఁ గూర్చుండబెట్టుటయే సులభమార్గ మగుచున్నది. బొత్తాము తానే పెట్టుకొనుట, చెంబునుండి నీరు వంచుకొనుట, తిన్న కంచము తానే తీయుట చూచుటకు స్వల్పకార్యములు. వానివలననే శిశువునకుఁ దనపైఁ దనకు నమ్మకము కుదురును. పెద్దలు తొందరపడి చేసిపెట్టినచో వాఁడు నేర్చునది యశక్తత యొక్కటియే.

అయినను స్వతంత్రత వేఱు, విడిచిపెట్టుట వేఱు. దాపున నుండి కనిపెట్టుచు, అవసరమైనపుడు మాత్రమే చేయందించు పెద్ద యున్నపుడే శిశువు ధైర్యముగాఁ బ్రయత్నించును. ఏడ్పు వచ్చినపుడు వానిని ఇంటిభాషలో నోదార్పవలెను. కోలారు జిల్లాయందుఁ బెక్కిండ్ల ఆ భాష తెలుఁగు. బడిలోఁ గన్నడము నేర్వవలసినదే. దానికిని ఆ నెమ్మదియే పునాది.

ఇందులకుఁ గొత్త చట్టము లక్కఱలేదు. 1975 అక్టోబరు 2వ తేదీనుండి అంగన్‌వాడీ లున్నవి. ఆరు నెలలు మొదలు ఆరేండ్ల వఱకుఁగల బిడ్డల సంరక్షణమునకై, 2022లో మిషన్ శక్తి క్రిందఁ జేర్చిన పాల్నా పథకమునందు అంగన్‌వాడీతోఁ గూడిన శిశుగృహముల కవకాశమును గలదు. గనిపేటలలో నట్టివి రైలువేళల కనుగుణముగాఁ దెఱచి, అందలి కార్యకర్తలకు మాంటిసోరి పద్ధతిలో శిక్షణ మిప్పింపవలెనని మా కోరిక. 1939లో అడయారునకు విచ్చేసిన మాంటిసోరి యుద్ధకాలమున నీ దేశముననే యుండి యుపాధ్యాయులను తయారుచేసెను. ఆ విద్య మనకుఁ గొత్తదికాదు.

బంగారము త్రవ్వుటకై 1902లోనే శివసముద్రమునుండి సుమారు 90 మైళ్లు విద్యుచ్ఛక్తిని దెచ్చిన సంస్థానమిది. ఆ గనులలో శ్రమించినవారి మనుమల కొక గదియు, నోర్పుగల యొక యుపాధ్యాయినియు సమకూర్చుట యసాధ్యమనుట మే మొప్పము. రాజధానియందలి మన వకీళ్లు అర్జీలు వ్రాయుదురుగాక. వైద్యులు, ఇంజనీర్లు శిక్షణవ్యయమును భరింతురుగాక. ఆ రైళ్లలో వచ్చువారి శ్రమచే మన కార్యాలయములును నడచుచున్నవి. వారి బిడ్డల పట్ల మనకు ఋణమున్నది.