శుక్రవారం సాయంత్రమే గుర్తొచ్చే సెక్యూరిటీ

బెంగళూరులో పనిచేసే మా అనంతపురం జిల్లా వాళ్ళకి (2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అనాలి, నాకింకా నోరు తిరగట్లేదు) శుక్రవారం సాయంత్రం అంటే పండగే. బ్యాగు తగిలించుకుని రైలెక్కితే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం.. ఎవరి ఊర్లో వాళ్ళు దిగిపోవచ్చు. కానీ ఆ రైల్లో ఒక్కసారి గమనించండి, చాలామంది ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచి ఉంటుంది. సినిమా చూస్తున్నారనుకునేరు! "సెక్యూరిటీ వాళ్ళు అడుగుతున్నారు, ఇవాళే కావాలి" అని ఎవరో ఫోన్ చేసి ఉంటారు.

పోయిన ఏడాది నవంబర్లో నాకూ అదే జరిగింది. శనివారం పొద్దున ధర్మవరంలో మా చెల్లెలికి పెళ్ళిచూపులు. రైలు హిందూపురం దాటగానే మేనేజర్ ఫోను. "సోమవారం రిలీజ్ కదా, సెక్యూరిటీ టీం 43 పాయింట్లు పంపింది. అవి క్లోజ్ చేస్తే గానీ అప్రూవల్ ఇవ్వరట." హాట్‌స్పాట్ పెట్టి వీపీఎన్ కలిపితే పెనుకొండ వచ్చేలోపు మూడుసార్లు తెగిపోయింది. ఎలాగో రిపోర్ట్ తెరిచాను. మొదటి పేజీలో తేదీ చూసి ఒళ్ళు మండింది. టెస్టింగ్ చేసింది ఆగస్టులో! మూడు నెలలు ఎవరి ఇన్‌బాక్స్‌లో నిద్రపోయిందో మరి.

ఇంటికెళ్ళి మగ్గం ఉన్న గదిలో కూర్చున్నాను, అక్కడే సిగ్నల్ కాస్త బాగుంటుంది. అర్ధరాత్రి మా మామ లేచొచ్చి చూశాడు.

"ఏమప్పా అల్లుడా, ఇంత పొద్దుపోయినాక ఏం చేస్తాండావు? ఆఫీసులో దొంగలు పడినారా?"

"లేదు మామా, తలుపుకి గొళ్ళెం సరిగా లేదంట. బిగిస్తున్నా."

"ఎప్పట్నించి లేదు?"

"ఆగస్టు నుంచి."

"మరి ఇప్పుడు అడగతాండారా! పోగు తెగితే అప్పుడే అతకల్ల గదా. చీర కోసినాక చూసుకుంటే ఏం లాభం?"

మామ నలభై ఏళ్ళుగా పట్టుచీరలు నేస్తున్నాడు. పడుగులో ఒక పోగు తెగినా చూసుకోకుండా నేస్తూ పోతే చీర పొడవునా గీత పడుతుంది. షావుకారు కూలీ కోస్తాడు. అతికే పని రెండు నిమిషాలు, చూడకపోతే పోయేది రోజుల కష్టం. మా రిలీజ్ ప్రాసెస్ రాసినవాళ్ళని నాలుగు రోజులు మా మగ్గం ముందు కూర్చోబెట్టాలనిపించింది.

ముందే ఒక మాట చెప్పాలి. నేను సెక్యూరిటీకి వ్యతిరేకిని కాను. నిజంగా మంటలు అంటుకున్నప్పుడు టైం చూసుకోకూడదు. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే గొడవ గుర్తుందా? జావాలో లాగ్ రాసుకునే మామూలు లైబ్రరీ. అందులో లోపం డిసెంబర్ 9న బయటపడింది, తీవ్రత పదికి పది. నెలాఖరులోపు 2.15, 2.16, 2.17, 2.17.1 అని ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నేనప్పుడు ఉద్యోగానికి కొత్త. రెండు వారాంతాలు పోయాయి, ఒక్కరం కూడా సణగలేదు. ఎందుకంటే ఆ విషయం ముందురోజు దాకా మా వాళ్ళెవరికీ తెలీదు. అలాగే 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో వాళ్ళకి చెప్పాలి. అది న్యాయమైన తొందరే.

నా గొడవంతా రెండో రకం తొందరతో. అందరికీ ముందే తెలిసి, ఎవరూ ముట్టుకోక, చివరికి ఒకడి నెత్తిన పడేది. దీనికి పెద్ద ఉదాహరణ వన్నాక్రై. 2017 మే 12న, అది కూడా శుక్రవారమే, ప్రపంచమంతా కంప్యూటర్లు లాక్ అయిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది మార్చి 14న. అంటే 59 రోజుల ముందు! ప్యాచ్ లేక కాదు, వేసే తీరిక ఎవరికీ లేక.

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ రాత్రి 43లో పందొమ్మిది నిజంగా సరిచేశాను. రెండు దాటాక కళ్ళు మూతలు పడుతున్నాయి. మిగతావాటికి చదవకుండానే "ఫాల్స్ పాజిటివ్" అని పెట్టేశాను. పొద్దున్నే అప్రూవల్ వచ్చింది, మేనేజర్ నుంచి "గ్రేట్ జాబ్" అని మెయిలు కూడా. జనవరిలో మా టీం అమ్మాయి ఏదో వెతుకుతుంటే బయటపడింది. అడ్రస్ బార్‌లో నంబర్ మారిస్తే చాలు, లాగిన్ లేకుండానే వేరే కస్టమర్ల ఫోన్ నంబర్లు కనపడుతున్నాయి. నేను చదవకుండా కొట్టేసిన వాటిలో అదొకటి. లాగులు తిరగేస్తే బయటివాళ్ళెవరూ చూసిన దాఖలా లేదు. అదృష్టం అంతే. ఆ రాత్రి నేను కాపాడింది రిలీజ్ తేదీని, కస్టమర్లని కాదు.

అందుకే అంటున్నా, చివరి నిమిషం సెక్యూరిటీ సెక్యూరిటీ కాదు, అది సంతకాల సేకరణ. మనిషిని నిద్ర లేకుండా కూర్చోబెట్టి "అవునా కాదా" అని అడిగితే ఏ సమాధానం వస్తుందో అడిగేవాడికీ తెలుసు.

తప్పు సెక్యూరిటీ టీందే అని నేననను. మా దగ్గర వాళ్ళు ముగ్గురు, ప్రాజెక్టులు ఇరవై పైన. రిలీజ్ ఆపితే తప్ప వాళ్ళ మాట వినేవాడు లేడు. మేనేజర్‌కి తేదీ ముఖ్యం. మేమూ తక్కువేం కాదు, స్కాన్ రిపోర్ట్ వస్తే "తర్వాతి స్ప్రింట్‌లో చూద్దాం" అనేది మేమే.

నేను కోరేది పెద్దవేం కాదు. రిపోర్ట్ వచ్చిన వారంలో ఒక్కో పాయింటూ ఎవరిదో పేరు పడాలి. ప్రతి స్ప్రింట్‌లో ఈ పనికి కొంత టైం లెక్కలో ఉండాలి, "ఖాళీ ఉంటే చేయండి" కాదు. "ఫాల్స్ పాజిటివ్" అని ఒకరు పెడితే ఇంకొకరు చూడాలి. టైం చాలకపోతే రిలీజ్ ఒక వారం జరపండి, లేదా "ఈ రిస్క్ తెలిసే వెళ్తున్నాం" అని పై వాళ్ళే రాసి సంతకం పెట్టండి. ఆ సంతకం వాళ్ళది అయితే రిపోర్టులు మూడు నెలలు నిద్రపోవని నా నమ్మకం.

పెనుకొండ మీదుగా వెళ్ళినప్పుడల్లా ఆ కొండ మీద కోట చూస్తుంటాను. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక విజయనగరం వాళ్ళు రాజధానిని అక్కడికి మార్చుకున్నారు. అప్పటికప్పుడు గోడలు కట్టలేదు, కోట ముందే ఉంది కాబట్టే రాగలిగారు.

అన్నట్టు, పెళ్ళిచూపులకి ఎర్రటి కళ్ళతో వెళ్ళి కూర్చున్నా. పెళ్ళికొడుకు కూడా మన ఐటీయే. నన్ను చూడగానే "రిలీజా బావా?" అన్నాడు. సంబంధం ఖాయమైంది :)

మీ ఆఫీసుల్లో ఎలా ఉంది? ఎక్కడైనా ముందే అడిగే సెక్యూరిటీ టీం ఉంటే చెప్పండి, రెజ్యూమె పంపిస్తా.