పైకెగురు, కజాలీ!

రెండవ ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సైనికులు శత్రువుపైకి ఉరుకుతూ వేసిన కేకలలో ‘అప్ దేర్, కజాలీ!’ ఒకటి. ‘పైకెగురు, కజాలీ’ అని దాని భావం. ఈ కజాలీ సేనానాయకుడు కాడు, మెల్‌బోర్న్ మైదానాలలో ఫుట్‌బాల్ ఆడినవాడు.

అది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. 1858 ప్రాంతంలో మెల్‌బోర్న్‌లో రూపుదిద్దుకొన్న ఆట. మైదానమూ, బంతీ రెండూ కోలగా ఉంటాయి. జట్టుకు పద్ధెనిమిది మంది. బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చు, కాలితో తన్నవచ్చు. ప్రత్యర్థుల తలలకు పైన, గాలిలోనే దానిని ఒడిసిపట్టడం చూడడానికే జనం విరగబడి వస్తారు.

రాయ్ కజాలీ 1893లో మెల్‌బోర్న్‌లోని ఆల్బర్ట్ పార్క్‌లో జన్మించాడు. 1911లో సెయింట్ కిల్డా క్లబ్బు ఆటగాళ్ళు నిర్వాహకులతో తగవుపడి, ఆడేది లేదని భీష్మించారు. క్లబ్బు గత్యంతరం లేక కొత్తవారిని మైదానంలోకి దింపింది. వారిలో ఈ పద్ధెనిమిదేళ్ళ యువకుడొకడు. పెద్దల అలుక ఆ విధంగా అతనికి వరమైంది!

ఆ రోజులలో అంపైరు బంతిని నేలకు కొట్టగానే అది పైకి లేచేది. దానిని అందరికంటె ముందు అందుకొని తనవారి వైపు మళ్ళించవలసినవాడిని ‘రక్‌మన్’ అంటారు. సాధారణంగా ఆ స్థానం ఆజానుబాహువులది. కజాలీ ఎత్తు అయిదడుగుల పదకొండంగుళాలు మాత్రమే. ఆ లోటును అతడు సాధనతో పూరించాడు. ఇంటివద్ద షెడ్డులో బంతిని వ్రేలాడగట్టి, దానికోసం ఎగిరి ఎగిరి అభ్యసించాడు. ఎగిరే క్షణంలో గుండెల నిండా గాలి పీల్చితే మరింత పైకి లేవవచ్చునని అతని నమ్మకం. శాస్త్రజ్ఞులు ఏమందురో గాని, ప్రేక్షకులు మాత్రం నమ్మారు.

1921లో అతడు సౌత్ మెల్‌బోర్న్ జట్టుకు మారాడు. అక్కడ మార్క్ టాండీ, ఫ్రెడ్ ఫ్లైటర్ అతనికి జతకూడారు. ప్రత్యర్థులను అడ్డగించి కజాలీకి దారి చేయడం ఫ్లైటర్ వంతు. బంతి రాగానే ఫ్లైటరే ‘అప్ దేర్, కజాలీ!’ అని అరిచేవాడు. ఆ కేకను ప్రేక్షకులు అందుకొన్నారు. వారినుండి అది వీధులకూ, యుద్ధభూమికీ ప్రాకింది.

విక్టోరియా లీగ్‌లో 1927 వరకు అతడు ఆడిన ఆటలు 198. సెయింట్ కిల్డాకు 99, సౌత్ మెల్‌బోర్న్‌కు 99. రెండుచోట్లా నూరు ఒక్క ఆటలో తప్పిపోయింది. అక్కడ ఆటగాడిగా ఒక్క ఛాంపియన్‌షిప్ అయినా అతనికి దక్కలేదు. తరువాత శిక్షకుడుగా పేరుపొంది, 1963లో టాస్మేనియాలోని హోబర్ట్ నగరంలో కన్నుమూశాడు.

1979లో ఒక టెలివిజన్ సంస్థ తన ఫుట్‌బాల్ ప్రసారాల ప్రచారానికి పాట కోరగా, మైక్ బ్రేడీ ఫ్లైటర్ కేకనే పల్లవిగా తీసుకొన్నాడు. కజాలీ ఆట కన్నెత్తి చూడని తరంవారు ఆ రికార్డును ఎగబడి కొని, దేశంలో ప్రథమస్థానానికి ఎక్కించారు.